యానాం ఫ్రెంచి రిజిస్టర్లలో ముత్తాతని వెతకాలంటే పేరు ఒక్కటే పట్టుకుంటే చాలదు

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్పేస్తాను, తరవాత చదివేవాళ్ళకి పనికొస్తుంది. మీ నాన్నగారు పోయాక ట్రంకుపెట్టెలో రెండు ఫ్రెంచి కాగితాలు దొరికాయి. ఒకటి యానాంలో పుట్టిన మీ ముత్తాత సుబ్బయ్యగారి జనన పత్రం నకలు, రెండోది 1921లో ఆయన పెళ్ళి పత్రం. పుట్టిన సంవత్సరం 1887 అని చదివి ఆ ఏటి రిజిస్టరంతా తిరగేశారు, ఆయన లేరు. పెళ్ళి పత్రంలో ఆయన పేరు పక్కన 'జోసెఫ్' అని ఉంది, మీరేమో తరతరాలుగా హిందువులు. ముత్తాతగారి అమ్మ ఇంటిపేరు మీ ఇంటిపేరు కాదు. ఆయన పెదనాన్న ఒకాయన 'బుర్బోను' దీవికి పోయి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. మాలో ఫ్రెంచి రక్తం ఉందా, బుర్బోను పోయినాయన వాళ్ళు దొరుకుతారా, మాకు ఫ్రెంచి పౌరసత్వం వస్తుందా అని అడిగారు.

నేను పుట్టింది యానాంలో. పాండిచ్చేరిలో చాలా ఏళ్ళు పాత ఫ్రెంచి పత్రాలు అనువాదం చేశాను. వకీలును కాను, చరిత్రకారుణ్ణీ కాను. ఈ గుమాస్తాల చేతిరాత చూసి చూసి కళ్ళజోడు నంబరు పెంచుకున్నవాణ్ణి, అంతే.

ముందు సంవత్సరం సంగతి. మీరు పెట్టిన ఫొటో పెద్దది చేసి చూశాను. ఫ్రెంచి రిజిస్టర్లలో తేదీలు అంకెల్లో కాదు, అక్షరాల్లో రాస్తారు. పైగా ఫ్రెంచివాళ్ళకి ఎనభై అంటే 'నాలుగు ఇరవైలు'. తొంభై ఏడు అంటే 'నాలుగిరవైల పదిహేడు', వాళ్ళ మాటలో 'కత్ర్-వాన్-దిసెత్'. మీ కాగితంలో 'నాలుగిరవైల' దగ్గర వరుస అయిపోయింది. పదిహేడులోని 'దిస్' కింది వరుస మొదట్లో మడత మీద పడి సగం చెరిగింది, 'సెత్' ఒక్కటే తేటగా కనబడుతోంది. మీరు దాన్ని ఎనభై ఏడు అనుకున్నారు. అది తొంభై ఏడు. మీ ముత్తాత పుట్టింది 1897లో. పదేళ్ళ అవతల వెతికారు కాబట్టి దొరకలేదు. ఇలా పొరబడింది మీరొక్కరే కాదు, నా దగ్గరికొచ్చిన కాగితాల్లో తేదీ తప్పులు సగం ఈ నాలుగిరవైల దగ్గరే.

ఆ రిజిస్టరు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. 1776 జూన్‌లో పదహారో లూయీ ఒక శాసనం చేశాడు, వలసల్లో రాసే ప్రతి జనన, వివాహ, మరణ రిజిస్టరుకీ మూడో ప్రతి ఒకటి తయారుచేసి వెర్సాయికి పంపాలని. ఉష్ణదేశాల్లో చెద, తేమ, తుపానులు కాగితాల్ని బతకనివ్వవని వాళ్ళకి అప్పటికే తెలిసొచ్చింది. 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన గురించి మన పెద్దవాళ్ళు చెప్పింది విన్నవాళ్ళకి ఆ జాగ్రత్త విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ మూడో ప్రతులు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులో, ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఊళ్ళో ఉన్న సముద్రాంతర జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వందేళ్ళు దాటినవాటిని చాలామటుకు స్కాన్ చేసి వాళ్ళ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. ప్రాంతం, సంవత్సరం ఎంచుకుంటే పేజీలు తెరుచుకుంటాయి. అక్కడ 'యానాం' అని కొడితే ఏమీ రాదు. ఫ్రెంచివాళ్ళు మన ఊరిని వై, ఏ, ఎన్, ఏ, ఓ, ఎన్ అని రాశారు. అలాగే కొట్టాలి.

ఇక ఇంటిపేరు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, చాలామంది వెతుకులాట ఆగిపోయేది ఇక్కడే.

ఫ్రెంచి చట్టం దృష్టిలో మనిషికి రెండు పేర్లు. పుట్టినప్పుడు పెట్టింది ఒకటి, తండ్రి నుంచి వచ్చిన కుటుంబనామం ఒకటి. పెట్టింది ముందు, కుటుంబానిది వెనక. 1794 ఆగస్టులో విప్లవ ప్రభుత్వం చేసిన చట్టం ఇంకా గట్టిది: జనన పత్రంలో ఉన్నది తప్ప వేరే పేరు ఎవరూ పెట్టుకోకూడదు. ఈ పద్ధతి పట్టుకుని మన దేశం వచ్చిన అధికారులకి పాండిచ్చేరిలో తమిళులు ఎదురయ్యారు. వాళ్ళకి తరతరాలుగా వచ్చే ఇంటిపేరు లేదు. ఫలానావాడు, ఫలానావాడి కొడుకు, అంతే. అందుకని గుమాస్తాలు 'ఫలానా, ఫీస్ ద ఫలానా' అని రాయడం అలవాటు చేసుకున్నారు. 'ఫీస్ ద' అంటే కొడుకు, 'ఫీయ్ ద' అంటే కూతురు. ఆ అలవాటుతోనే యానాం వస్తే ఇక్కడ మనవాళ్ళకి ఇంటిపేరు ఉంది, కానీ ముందు ఉంది! ఫ్రెంచి గుమాస్తా కంటికి ముందున్నది పెట్టిన పేరు, వెనకున్నది కుటుంబనామం. ఒకడు ఇంటిపేరుని సరిగ్గా పట్టుకుని కుటుంబనామం కింద వేస్తాడు, ఇంకొకడు 'సుబ్బయ్య'నే కుటుంబనామం అనుకుంటాడు, మరొకడు ఇంటిపేరు అసలు అడగనే అడగడు. కాబట్టి సంవత్సరం చివర ఉండే పేర్ల పట్టికలో మీ ఇంటిపేరు అక్షరం దగ్గర ఒకసారి, 'సుబ్బయ్య' అక్షరం దగ్గర ఒకసారి చూడండి. పదేళ్ళకొకసారి వేసే పట్టిక ఉంటే అది ఇంకా తేలిక.

అక్షరాల సంగతీ ఉంది. గుమాస్తా మన పేరు చూసి రాయలేదు, చెవికి వినబడింది రాశాడు. 'ఉ' శబ్దానికి వాళ్ళు ఓ, యు రెండూ కలిపి రాస్తారు. యానాం రాజకీయాల్లో పేరున్న సమతం కృష్ణయ్యగారి పేరు ఫ్రెంచి కాగితాల్లో ఎలా ఉంటుందో చూడండి, 'కృ' కోసం కే, ఆర్, ఓ, యు అని వేశారు. ఇంగ్లీషు చదువు చదివినవాళ్ళు దాన్ని 'క్రౌష్నయా' అని చదువుతారు. కామిశెట్టివారి పేరులో 'శె' కోసం సి, హెచ్ వేశారు, ఫ్రెంచిలో అది 'ష'. మనం ఇంగ్లీషు కళ్ళతో చూసి 'కామిచెట్టి' అంటాం. ఆ కుటుంబంలోనే వరప్రసాదరావు నాయుడుగారి పేరులో 'సా' దగ్గర రెండు ఎస్‌లు ఉంటాయి, ఎందుకంటే రెండు అచ్చుల మధ్య ఒక్క ఎస్ వేస్తే ఫ్రెంచివాడు దాన్ని 'జ' లాగా పలుకుతాడు. మన 'జ'కి ముందొక డి తగిలిస్తారు, 'చ'కి ముందొక టి. 'హ' వాళ్ళ నోట పలకదు కాబట్టి హనుమంతు అనేవాణ్ణి 'అ' దగ్గర కూడా వెతకాలి. మీ సుబ్బయ్య పేరులో రెండు బిలు ఉంటాయా ఒకటే ఉంటుందా అని బెంగ పెట్టుకోకండి. ఎస్ తరవాత ఓ, యు ఉందా లేదా చూసుకోండి, మిగతాది ఆ పూట గుమాస్తా దయ.

ఒక పాత తప్పు చెబుతాను, నాదే. మా వంశంలో అప్పన్న అనే ఆయన కోసం వెతుకుతూ యానాం మరణాల రిజిస్టర్లో ఒక అప్పన్న దొరికితే, వయసు, ఊరు సరిపోయాయని సంబరపడిపోయాను. రెండేళ్ళపాటు ఆయన సంతానాన్ని కిందికి దింపుకుంటూ వచ్చాను. చివరికి చూస్తే ఆయన భార్య ఇంటిపేరు మావాళ్ళకి ఏ వైపు నుంచీ తగలదు. మొదటిరోజే ఆ గడి చదివి ఉంటే రెండేళ్ళు మిగిలేవి. ఊళ్ళో అప్పన్నలు డజను మంది ఉంటారు. ఫలానావాళ్ళ ఆడపడుచుని చేసుకున్న అప్పన్న మాత్రం ఒక్కడే.

అందుకే ముత్తాతగారి అమ్మ ఇంటిపేరు వేరుగా ఉందని మీరు కంగారు పడుతున్నారు గానీ, మీ కాగితంలో అన్నిటికంటే విలువైన మాట అదే. మన పద్ధతిలో ఆడపిల్ల పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, అప్పటి నుంచి ఆవిడ పుట్టింటి ఆనవాలు కాగితాల్లోంచి చెరిగిపోతుంది. ఫ్రెంచి రిజిస్టర్లో అలా జరగదు. ఆడది ఏ పేరుతో పుట్టిందో చచ్చేదాకా ఆ పేరే. పెళ్ళయితే 'ఫలానావాడి భార్య' అని, భర్త పోతే 'వ్యూవ్' అంటే వితంతువు అని పక్కన చేరుస్తారు, పుట్టింటి పేరు తీసెయ్యరు. తెలుగిళ్ళలో వంశవృక్షం గీస్తే మగవాళ్ళ పేర్లే నిలబడతాయి, ఆడవాళ్ళు 'భార్య' అన్న మాటతో సరి. ఫ్రెంచి గుమాస్తా పుణ్యమా అని మీకు ముత్తాతగారి తల్లి పుట్టిల్లు తెలిసింది.

ఇంకో సంగతి, మీరు గమనించలేదు. పత్రంలో 'నా ఎదుట హాజరైన' అని మొదలయ్యే వరుస చూడండి. బిడ్డ పుట్టిన కబురు తెచ్చినవాడి పేరు, వయసు, వృత్తి, ఉండే చోటు అక్కడ ఉంటాయి. మామూలుగా తండ్రి వస్తాడు. మీ పత్రంలో వచ్చినాయన వయసు యాభై ఎనిమిది, ఇంటిపేరు ముత్తాతగారి అమ్మ ఇంటిపేరే. అంటే వచ్చింది ఆవిడ తండ్రో పెదనాన్నో అయి ఉండాలి. తండ్రి గురించి 'నలభై ఐదేళ్ళు, సేద్యగాడు' అని రాశారు గానీ యానాం నివాసి అని రాయలేదు. ఇది తెలిసిన కథే కదండీ. పురుటికి పుట్టింటికి వచ్చింది! యానాం ఆవిడ పుట్టిల్లు. మీ మగవైపు ఊరు బహుశా పొలిమేర అవతల, ఇంగ్లీషువాళ్ళ హయాంలో ఉన్న ఏదో గ్రామం. అందుకే ముత్తాతగారి అన్నదమ్ములు యానాం రిజిస్టర్లలో మీకు కనబడకపోవచ్చు. పురుడు ఎక్కడ పోస్తే పుట్టుక అక్కడ రాసుకున్నారు. మీ ఇంటిపేరువాళ్ళ మూలాలు యానాంలో తవ్వేముందు, తల్లి ఇంటిపేరు పట్టుకుని ఆ పాతికేళ్ళ పెళ్ళిళ్ళ పట్టికలు చూడండి. తమ్ముళ్ళో చెల్లెళ్ళో తేలతారు, వాళ్ళ పెళ్ళిళ్ళకి సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళలో మీ మగవైపువాళ్ళు దొరికినా దొరకొచ్చు.

యానాం పేరు చూడగానే ఊరు అదే అనుకోకూడదనడానికి ఇంకో ఉదాహరణ కూడా ఉంది, మీకు కాకపోయినా ఇంకెవరికైనా ఉపయోగం. బాల్యవివాహాలని ఆపడానికి ఇంగ్లీషు ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమలు. యానాం ఫ్రెంచివాళ్ళది కాబట్టి అక్కడ ఆ చట్టం చెల్లదు. చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ మూడుముళ్ళూ వేయించి వెళ్ళేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. ముప్ఫైల్లో 'యానాంలో పెళ్ళయింది' అన్న ఇంటి మాట ఒక్కటే ఆధారంగా మాది యానాం అనుకుంటే దెబ్బతింటారు. మీవాళ్ళ పెళ్ళి 1921ది కాబట్టి ఆ బాపతు కాదు.

ఇక జోసెఫ్. మీ పెళ్ళి పత్రంలో 'సుబ్బయ్య, ది జోసెఫ్' అని ఉంది. ఆ 'ది' చిన్న మాటే గానీ ఫ్రెంచి వలసల పేర్లన్నిటిలోనూ ముఖ్యమైంది. 'అనబడే' అని అర్థం. ఉత్తర అమెరికాలో, ఇప్పటి కెనడా క్విబెక్‌లో, ఈ మాట వంశాల్నే రెండు పాయలు చేసింది. 1665లో అక్కడికి వెళ్ళిన కారిన్యాఁ-సాలియేర్ పటాలం సిపాయిలకి పటాలంలో పెట్టిన మారుపేర్లు ఉండేవి: 'పువ్వు', 'చీకూచింతా లేనివాడు' ఇలాంటివి. అక్కడే కాపురాలు పెట్టాక రిజిస్టర్లలో 'ఫలానావాడు ది పువ్వు' అని ఎక్కింది. ఒక కొడుకు అసలు ఇంటిపేరు ఉంచుకుంటే ఇంకో కొడుకు మారుపేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. ఇవాళ ఒకే తాత మనవలు రెండు వేరు ఇంటిపేర్లతో ఉన్నారు. మనవైపు 'ది' అంత దూరం పోలేదు. ఇక్కడ అది మామూలుగా ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బయట ఒక పేరు ఉన్నాయని చెప్పడానికి.

ఫ్రెంచి పేరు తెలుగింట్లోకి ఎన్ని దారుల్లో వస్తుందో విడదీసుకుంటే మీకే అర్థమవుతుంది. అన్నిటికంటే మామూలు దారి జ్ఞానస్నానం. యానాం విమోచనలో ముందు నిలబడ్డ దడాల రఫేల్ రమణయ్యగారి పేరు చూడండి. దడాల ఇంటిపేరు, రఫేల్ చర్చి పేరు, రమణయ్య మన పేరు. మూడూ ఒక్క మనిషివే. ఫ్రెంచి రక్తంతో దానికి పనేమీ లేదు.

రెండోది 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ. హిందూ, ముస్లిం, క్రైస్తవ ఆచార చట్టాల్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి రావాలనుకునే భారతీయులు ఒక ప్రకటన చెయ్యొచ్చు. చేసినవాళ్ళని 'రెనోన్సాఁ' అంటారు, అంటే త్యజించినవాళ్ళు. ఆ ప్రకటనలోనే తనకీ భార్యకీ మైనరు పిల్లలకీ ఒక కుటుంబనామం ఎంచుకుని చెప్పాలి. పాండిచ్చేరిలో వకీలు పొన్నుతంబి పిళ్ళై 'లాపోర్త్' అయ్యారు, అంటే తలుపు. ఇంటిపేరు లేని తమిళులకి చట్టం కొత్తగా ఇంటిపేరు పుట్టించింది. అలా మారినవాళ్ళు ఎక్కువగా పాండిచ్చేరి, కారైకాల్ వైపు. మీ సుబ్బయ్యగారికి ఆ పేరు 'ది' తరవాత వచ్చింది, కుటుంబనామం స్థానంలో రాలేదు. పిల్లలకీ రాలేదు. కాబట్టి రెనోన్సాఁ కాదనే నా అభిప్రాయం.

మూడో దారి టోపీవాళ్ళది. పాండిచ్చేరి వైపు పోర్చుగీసు సంతతివాళ్ళు, వాళ్ళతో కలిసిపోయి యూరపు బట్టలు కట్టినవాళ్ళు యూరపు పేర్లతో ఉండేవారు. నాలుగోది నిజంగా ఫ్రెంచి తండ్రి ఉండటం. అలా ఉంటే కాగితంలో 'తండ్రి తెలియదు' అనో, 'తండ్రి ఒప్పుకున్నాడు' అనో ఒక మాట తప్పక తగులుతుంది. మీ పత్రాల్లో తండ్రి పేరు, వయసు, సేద్యం అన్నీ తిన్నగా ఉన్నాయి. ఆ కాగితాల్ని బట్టి మీలో ఫ్రెంచి రక్తం ఉందనడానికి ఆధారం లేదు. నిరాశపరిస్తే క్షమించండి. జోసెఫ్ ఎక్కడిదో తేలాలంటే యానాం కేథలిక్ చర్చి జ్ఞానస్నానాల పుస్తకం చూడాలి. ఒక తరం చర్చికి వెళ్ళి, తరవాతి తరం వెనక్కి వచ్చిన ఇళ్ళు నాకు తెలుసు. మీ ఇంట్లో ఆ మాట ఎవరూ చెప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అన్నట్టు, పెళ్ళి పత్రంలో తండ్రి పేరు ముందున్న మూడక్షరాల మాటని మీ ఫోన్ యాప్ 'నిప్పు' అని అనువదించిందని నవ్వుకున్నారు. ఆ మాటకి నిప్పు అనీ అర్థం ఉంది, 'కీర్తిశేషులు' అనీ అర్థం ఉంది. 1921 నాటికి ఆయన లేరన్నమాట. 1897కీ 1921కీ మధ్య ఆయన మరణం వెతకండి. ఆయన తల్లిదండ్రుల పేర్లు అక్కడ దొరికే వీలుంది.

బుర్బోను గురించి అడిగారు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ళ రీయూనియన్ దీవి పాత పేరు అది, తెలుగిళ్ళలో ఇంకా ఆ మాట బతికి ఉండటం విని ముచ్చటేసింది. ఆ దీవికి మనవాళ్ళ ప్రయాణం పాతది. 1828లో మొదటి భారతీయ ఒప్పందపు కూలీల గుంపు వెళ్ళింది యానాం నుంచే, కాగితాల్లో వాళ్ళని 'తెలింగా' అన్నారు. 1848 డిసెంబరు 20న అక్కడ బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి మనుషులు చాలక వలస పెరిగింది. 1860, 1861లో ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందాలు కుదిరాక ఇంగ్లీషు ఇలాకా మనుషుల్ని కూడా తీసుకెళ్ళారు. రీయూనియన్‌కి పంపడం 1882లో ఇంగ్లీషువాళ్ళు ఆపేశారు. మీ ముత్తాతగారి తండ్రి 1897లో నలభై ఐదేళ్ళవాడు, అంటే పుట్టింది 1852 ప్రాంతం. ఆయన అన్న వయసొచ్చాక వెళ్ళి ఉంటే 1865కీ 1882కీ నడుమ. లెక్క సరిపోతోంది.

అక్కడ వెతకడం ఇక్కడికంటే కష్టం, ఎందుకంటే ఓడ దిగగానే ఇంటిపేరు పోతుంది. కూలీకి ఒక పేరు, ఒక సంఖ్య. ఆ సంఖ్య ఆ మనిషి మరణ పత్రం దాకా వెంట వస్తుంది, కాబట్టి ఒక్కసారి దొరికితే వదలకండి. 'రామయ్య, భారతీయుడు, ఒప్పందపు కూలీ, యానాం వాస్తవ్యుడు' అని ఉంటే ఆ 'యానాం' ఓడ ఎక్కిన రేవు అయినా కావచ్చు. ఆయన కొడుకు పుట్టినప్పుడు తండ్రి పేరే ఇంటిపేరయింది. గుళ్ళో చేసుకున్న పెళ్ళి ఫ్రెంచి చట్టానికి లెక్కలోది కాదు, అందుకని బిడ్డని తల్లి పేరు మీద రాసిన సందర్భాలూ ఉన్నాయి. ఇక్కడి నాగమ్మ పేరు అక్కడ మునిమనవళ్ళకి ఇంటిపేరుగా దిగే వీలు అలా వచ్చింది. పిల్లలకి పెట్టే పేర్ల మీద 1803 చట్టం ఒకటి ఉండేది: క్యాలెండర్లోని పునీతుల పేర్లు, ప్రాచీన చరిత్రలో పేరున్నవాళ్ళ పేర్లు మాత్రమే పెట్టాలి. అది పూర్తిగా పోయింది 1993లో. అందుకని అక్కడ కాగితం మీద జాఁ, ఇంట్లో రామస్వామి. రామస్వామి, వీరాపిళ్ళై లాంటివి అక్కడ ఇంటిపేర్లయి ఫ్రెంచి స్పెల్లింగులో స్థిరపడ్డాయి. మీ ఇంటిపేరు అక్కడ దొరుకుతుందని వెతక్కండి, దొరకదు. పెదనాన్నగారి పెట్టిన పేరు తెలుసుకుని, అది ఇంటిపేరుగా ఉన్నవాళ్ళని చూడండి. దీవి రికార్డులకి సాన్-దెనీలో జిల్లా అభిలేఖాగారం ఉంది, పాత పుట్టుకలూ చావులూ ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ సైటులోనే ఉన్నాయి. పక్కనే ఉన్న మారిషస్‌కి వెళ్ళాడేమో అన్న అనుమానం ఉంటే మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు ఉన్నాయి. అక్కడ కోరంగి రేవు ఎక్కినవాళ్ళందరినీ 'కోరింగీ' అనేవారు.

పౌరసత్వం మీద నాలుగు ముక్కలే చెబుతాను. 1954 జూన్ 13న యానాం కలిసింది, అప్పగింత ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న, అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ ప్రాంతాల్లో పుట్టి అక్కడే ఉంటున్నవాళ్ళు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా కోరితే ఫ్రెంచివాళ్ళుగా ఉండొచ్చు, లేకపోతే భారతీయులు. మీ కుటుంబంలో ఎవరూ కోరినట్టు మీరు చెప్పలేదు, పైగా మీ మగవైపు మూలం ఇంగ్లీషు ఇలాకా అయ్యేలా ఉంది. దీనికి తోడు ఫ్రెంచి సివిల్ కోడ్‌లో యాభై ఏళ్ళ నిబంధన ఉంది: అర్ధశతాబ్దం పాటు తరాలు బయటి దేశంలో ఉండి, ఫ్రెంచివాళ్ళుగా ఏ కాగితమూ నడపకపోతే, వంశం చూపించి నిరూపించుకునే దారి మూసుకుపోతుంది. 1962కి యాభై కలిపి చూసుకోండి. 'ముత్తాత యానాంలో పుట్టాడా, అయితే ఫ్రెంచి పాస్‌పోర్టు గ్యారంటీ' అని డబ్బు అడిగే బ్రోకర్ల దగ్గరికి మాత్రం వెళ్ళకండి. నిజంగా అనుమానం ఉంటే పాండిచ్చేరి ఫ్రెంచి కాన్సులేటులో అడిగితే చెబుతారు.

వరసగా చెప్పాలంటే, ముందు 1897 జననాలు తెరిచి అసలు నమోదు చూడండి. మీ దగ్గరున్నది నకలు, నకలు తీసినవాడు కూడా తప్పులు చేస్తాడు. అసలు పేజీ అంచులో ఏమైనా రాశారేమో చూడండి. తరవాత పెళ్ళి రిజిస్టరు. వందేళ్ళ సరిహద్దు దగ్గరిది కాబట్టి సైటులో లేకపోతే యానాం మునిసిపాలిటీలో అడగండి. ఉదయం పదిన్నరకి వెళ్ళండి, ఏడాది, తేదీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. 'మా ముత్తాతగారి కాగితం కావాలి' అంటే ఎవరైనా ఏం వెతుకుతారు పాపం.

చివరిగా ఒకటి అడుగుతాను. మీరు పెట్టిన జనన పత్రం ఫొటో కింది భాగం కత్తిరించారు. ఆ అంచున, గుమాస్తా సంతకం పక్కన, తెలుగు గుడి, కొమ్ము లాంటివి రెండు గీతలు కనబడుతున్నాయి. కబురు తెచ్చిన ఆ పెద్దాయన తెలుగులో సంతకం పెట్టినట్టున్నారు. పైన గుమాస్తా ఆయన ఇంటిపేరుని చెవికి తోచినట్టు రాసుకున్నాడు, కింద ఆయన తన ఇంటిపేరు తన చేత్తో రాసుకున్నాడు. అసలు పేజీ దొరికాక ఆ కింది నాలుగు అంగుళాలు, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి, తేటగా ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఇద్దరం కలిసి చదువుదాం.